మాదకద్రవ్య నేరములందు బెయిలు, విచారణపూర్వ నిర్బంధము

నిర్వచనము, పరిధి

నేరారోపణకు గురియైన వ్యక్తిని, అతని దోషము న్యాయస్థానమున నిర్ణయింపబడకమునుపే, దర్యాప్తు నిమిత్తమో విచారణ నిమిత్తమో చట్టప్రకారము కారాగారమున ఉంచుట విచారణపూర్వ నిర్బంధము అనబడును. పిలిచిన దినమున న్యాయస్థానమునకు హాజరు కాగలడను పూచీపై అతనిని అట్టి నిర్బంధమునుండి విడుదల చేయుట బెయిలు లేక జామీను అనబడును. నిందితుని మొదటిసారి మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచి కస్టడీకి పంపుట రిమాండు. అట్లు పంపబడినవాడు రిమాండు ఖైదీ, విచారణ ముగియువరకు జైలునందుండువాడు విచారణ ఖైదీ. అతడు వ్రాసియిచ్చు కట్టుబాటు పత్రము ముచ్చలిక. అతని పక్షమున హామీ నిలుచువాడు జామీనుదారు.

సాధారణ నేరములలో స్వేచ్ఛ నియమమై, నిర్బంధము మినహాయింపుగా పరిగణింపబడుచుండగా, మాదకద్రవ్యముల చట్టము పెద్ద పరిమాణములకు సంబంధించిన కేసులలో ఈ క్రమమును తలక్రిందు చేసినది. ఈ వ్యాసము ఆ మార్పుయొక్క చరిత్రమును, బెయిలు భేదములను, నిర్బంధ క్రమమును, న్యాయస్థానములు దానికి కల్పించిన మేరలను, ఆంధ్రప్రదేశమున, ప్రత్యేకించి అమలాపురము కేంద్రముగాగల కోనసీమ ప్రాంతమున, ఇవి అమలగు తీరును వివరించును.

చారిత్రక పరిణామము

ఆంగ్ల పాలనాకాలము. నల్లమందుపై 1857, 1878 సంవత్సరములలో వెలువడిన చట్టములు ప్రధానముగా సర్కారు ఆదాయమును కాపాడుటకు ఉద్దేశింపబడినవి. అప్పటి అమలాపురము తాలూకా చేరియున్న గోదావరి జిల్లాలో, మద్రాసు రాజధానియందలి ఇతర జిల్లాలందువలెనే, గంజాయి వ్యాపారము 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టమునకు లోబడి, లైసెన్సులపై సాగుచుండెను. 1893-94లో పనిచేసిన భారత గంజాయి విచారణ సంఘము సంపూర్ణ నిషేధమును సిఫారసు చేయక, నియంత్రణమును, పన్నును మాత్రమే సమర్థించెను. 1930 నాటి ప్రమాదకర ఔషధముల చట్టము అప్పటి విధులను ఏకీకరించెను. ఈ చట్టముల క్రింద విధింపదగిన శిక్షలు స్వల్పములు. నిందితుని బెయిలు సాధారణ క్రిమినల్ ప్రక్రియా స్మృతినిబట్టియే నిర్ణయింపబడుచుండెను.

1985 చట్టము. 1961 నాటి అంతర్జాతీయ ఏకైక ఒడంబడిక, 1971 నాటి మనోవర్తక పదార్థముల ఒడంబడిక భారతదేశముపై మోపిన బాధ్యతలను నెరవేర్చుటకై, మాదకద్రవ్యముల, మనోవర్తక పదార్థముల చట్టము 1985 నవంబరు 14వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. వార్తాపత్రికలయందును, న్యాయస్థాన వ్యవహారమునందును ఇది ఎన్.డి.పి.ఎస్. చట్టముగా ప్రసిద్ధము. పెద్ద నేరములకు పది సంవత్సరముల కనిష్ఠ శిక్షను ఇది విధించినను, బెయిలునకు సంబంధించినంతవరకు ప్రత్యేకమైన అడ్డంకి ఏదియు మూలచట్టమున లేకుండెను.

సవరణలు. 1989 మే 29వ తేదీనుండి అమలైన సవరణ 37వ సెక్షనును తిరుగవ్రాసి, ఐదు సంవత్సరములు లేక అంతకు మించిన శిక్షగల నేరములన్నిటికిని కఠినమైన బెయిలు నిబంధనను విధించెను. ఆనాడు చట్టము పరిమాణమును చాలవరకు లెక్కింపనందున, జేబులో కొలది గంజాయితో పట్టుబడినవాడును, లారీనిండ తరలించినవాడును బెయిలు విషయమున ఇంచుమించు సమానులైరి. ఈ అసమతను తొలగించుటకై 2001 అక్టోబరు 2వ తేదీనుండి అమలైన సవరణ స్వల్ప, మధ్యమ, వాణిజ్య పరిమాణములను మూడు శ్రేణులను కల్పించి, 37వ సెక్షను కాఠిన్యమును వాణిజ్య పరిమాణమునకు, 19, 24, 27-ఏ సెక్షనుల నేరములకు మాత్రమే పరిమితము చేసెను. 2014 మే 1వ తేదీనుండి అమలైన సవరణ స్వల్ప పరిమాణపు నేరములకు గరిష్ఠ శిక్షను ఆరు నెలలనుండి ఒక సంవత్సరమునకు పెంచెను. 2024 జూలై 1వ తేదీనుండి, 1973 నాటి క్రిమినల్ ప్రక్రియా స్మృతి స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రవేశించినందున, బెయిలు సంబంధమైన సాధారణ విధులు ఇప్పుడు ఆ సంహితయందు కలవు.

పరిమాణ విభజన

నిందితుని స్వేచ్ఛను నిర్ణయించు ప్రధానాంశము పదార్థముయొక్క బరువు. కేంద్ర ప్రభుత్వపు 2001 అక్టోబరు 19 నాటి ప్రకటన ప్రతి పదార్థమునకును స్వల్ప, వాణిజ్య పరిమాణములను నిర్ణయించినది; ఈ రెంటి నడుమనున్నది వ్యవహారమున మధ్యమ పరిమాణముగా పిలువబడును. గంజాయికి స్వల్ప పరిమాణము 1 కిలో, వాణిజ్య పరిమాణము 20 కిలోలు. హషీషు నూనెతో కూడిన చరసునకు ఈ సంఖ్యలు క్రమముగా 100 గ్రాములు, 1 కిలో. నల్లమందునకు 25 గ్రాములు, 2.5 కిలోలు, హెరాయినునకు 5 గ్రాములు, 250 గ్రాములు, కొకెయినునకు 2 గ్రాములు, 100 గ్రాములు, ఎం.డి.ఎం.ఏ. అను కృత్రిమ పదార్థమునకు అరగ్రాము, 10 గ్రాములు.

20వ సెక్షను ప్రకారము గంజాయికి విధింపదగిన శిక్షలు ఈ శ్రేణులను అనుసరించియే ఉండును. స్వల్ప పరిమాణమునకు ఒక సంవత్సరము వరకు కారాగారము, 10,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును. మధ్యమ పరిమాణమునకు పది సంవత్సరముల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా. వాణిజ్య పరిమాణమునకు పది సంవత్సరములకు తగ్గని, ఇరువది సంవత్సరములకు మించని కఠిన కారాగారము, లక్షకు తగ్గని జరిమానా.

కావున 19 కిలోల గంజాయికిని, 21 కిలోల గంజాయికిని నడుమనున్న భేదము బెయిలు విషయమున మిక్కిలి పెద్దది. ఈ కారణముననే తూకము, పదార్థ స్వరూపము తరచుగా వివాదాస్పదములగును. చట్టనిర్వచనమున గంజాయి యనగా ఆ మొక్కయొక్క పూతకొనలు లేక కాయకొనలు. కొనలతో కూడియుండని గింజలును, ఆకులును గంజాయి కావు. పచ్చిమొక్కలను కాడలు, ఆకులతోసహా తూచిన కేసులలో, వీనిని మినహాయించినచో వాణిజ్య పరిమాణము మిగులునా అను ప్రశ్న బెయిలు దరఖాస్తులలో తరచు తలయెత్తుచున్నది. ఇతర పదార్థములతో కలిపిన మిశ్రమము విషయమున మాత్రము, శుద్ధమాదకద్రవ్యము బరువునే కాక మొత్తము మిశ్రమము బరువును లెక్కింపవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2020లో హీరాసింగ్ కేసునందు నిర్ణయించెను.

నిర్బంధ క్రమము

అరెస్టు, రిమాండు. రాజ్యాంగముయొక్క 22వ అధికరణము ప్రకారము, అరెస్టు కాబడిన వ్యక్తికి కారణములు తెలుపవలెను. ప్రయాణకాలమును మినహాయించి 24 గంటలలోపున మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరుపవలెను. కారణములు తెలుపుట లాంఛనము కాదనియు, అది లోపించినచో అరెస్టే చెల్లదనియు విహాన్ కుమార్ కేసునందు 2025లో సర్వోన్నత న్యాయస్థానము తేల్చి చెప్పెను. మేజిస్ట్రేటు పదునైదు దినములకు మించకుండ కస్టడీని మంజూరు చేసి, కేసును ఎన్.డి.పి.ఎస్. చట్టపు 36వ సెక్షను క్రింద ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానమునకు పంపవలెను; ఆ న్యాయస్థానమునకు సెషన్స్ లేక అదనపు సెషన్స్ న్యాయమూర్తి అధిపతి.

దర్యాప్తు గడువు. సాధారణ నేరములలో నేరతీవ్రతనుబట్టి 60 లేక 90 దినములలో అభియోగపత్రము దాఖలు కావలెను. ఎన్.డి.పి.ఎస్. చట్టపు 36-ఏ(4) సెక్షను వాణిజ్య పరిమాణపు కేసులకు ఈ గడువును 180 దినములుగా పెంచినది. అంతేకాక, దర్యాప్తు పురోగతిని, నిర్బంధము ఇంకను అవసరమగుటకు ప్రత్యేక కారణములను తెలుపుచు పబ్లిక్ ప్రాసిక్యూటరు నివేదిక సమర్పించినచో, ప్రత్యేక న్యాయస్థానము దీనిని ఒక సంవత్సరమువరకు పొడిగింపవచ్చును. ఈ నివేదిక పోలీసు అధికారి అర్జీకి కేవలము మేలుచేవ్రాలు కారాదనియు, ప్రాసిక్యూటరు తన బుద్ధితో పరిశీలించి వ్రాయవలెననియు సంజయ్ కుమార్ కేడియా కేసునందు 2009లో నిర్ణయింపబడెను.

బెయిలు భేదములు

సాధారణ బెయిలు. అరెస్టు పిదప ప్రత్యేక న్యాయస్థానమున కాని, ఉన్నత న్యాయస్థానమున కాని దరఖాస్తు పెట్టుకొని పొందునది. మధ్యమ పరిమాణపు కేసులలో నేర స్వభావము, నిందితుని పూర్వచరిత్ర, పరారయ్యెడి అవకాశము, సాక్షులను ప్రభావితము చేయు ప్రమాదము మున్నగు సాధారణ ప్రమాణములే వర్తించును. స్వల్ప పరిమాణపు నేరము హక్కుగా బెయిలు ఇవ్వదగినదా అను విషయమున ఉన్నత న్యాయస్థానముల నడుమ అభిప్రాయభేదము కలదు. 37వ సెక్షను శీర్షికలో ‘నాన్ బెయిలబుల్’ అను మాట ఉండి, సెక్షను శరీరమున ఆ మాట స్పష్టముగా లేకపోవుట ఇందులకు కారణము.

కాలాతిక్రమణ బెయిలు. నిర్ణీత గడువులోపున అభియోగపత్రము రానిచో నిందితునికి లభించు బెయిలు. ఎన్.డి.పి.ఎస్. కేసులకును ఇది వర్తించునని సర్వోన్నత న్యాయస్థానము తమిళరసి కేసునందు 1995లో నిర్ణయించెను. గడువు దాటిన పిమ్మట, అభియోగపత్రము దాఖలు కాకమునుపే నిందితుడు దరఖాస్తు పెట్టి, జామీను ఇచ్చుటకు సిద్ధపడినచో, ఆ హక్కును తరువాత దాఖలైన అభియోగపత్రము హరింపజాలదని 2020లో ఎం. రవీంద్రన్ కేసు స్థిరపరచెను. 37వ సెక్షను ద్వారము మూసియున్నప్పుడు తెరచియుండు ముఖ్య మార్గము ఇది యగుటచే, దర్యాప్తు గడువు లెక్కలు న్యాయవాదులకును, పోలీసులకును సమానముగా కీలకములు.

ముందస్తు బెయిలు. అరెస్టు కాకమునుపే కోరునది. పట్టుబడిన వాహనమున లేకయే, సహనిందితుని మాటలనుబట్టి కేసులో చేర్పబడినవారు సాధారణముగా దీనిని ఆశ్రయింతురు. వాణిజ్య పరిమాణమైనచో ఇచ్చటను 37వ సెక్షను అడ్డుపడును.

మధ్యంతర బెయిలు. అనారోగ్యము, సమీప బంధువుల మరణము, వివాహము మున్నగు కారణములపై కొలది దినములకు మాత్రమే లభించునది.

బాలనిందితులు. పదునెనిమిది సంవత్సరములు నిండనివారి విడుదల 2015 నాటి బాలల న్యాయ చట్టపు 12వ సెక్షనునుబట్టి బాలల న్యాయ మండలిచే నిర్ణయింపబడును. ఆ సెక్షను ఇతర చట్టముల విధులను త్రోసిరాజనుచున్నందున, 37వ సెక్షను బాలురకు వర్తింపదని పలు ఉన్నత న్యాయస్థానములు అభిప్రాయపడినవి.

37వ సెక్షను: ద్వంద్వ నియమము

వాణిజ్య పరిమాణపు కేసులలో బెయిలునకు చట్టము రెండు మెట్లను నిర్దేశించినది. మొదటిది, దరఖాస్తును వ్యతిరేకించుటకు పబ్లిక్ ప్రాసిక్యూటరునకు అవకాశమీయవలెను. రెండవది, అతడు వ్యతిరేకించినచో, నిందితుడు ఆ నేరము చేయలేదని విశ్వసించుటకు సహేతుకమైన ఆధారములు కలవనియు, బెయిలుపై ఉండగా అతడు మరియొక నేరము చేయు అవకాశము లేదనియు న్యాయస్థానము తృప్తిపడవలెను. రెండు అంశములును ఏకకాలమున నెరవేరవలెను. సాధారణ బెయిలు విధులకు ఇవి అదనము కాని ప్రత్యామ్నాయము కావు.

సహేతుకమైన ఆధారములనగా కేవలము పైపైని కనబడు కారణములు చాలవనియు, నిందితుడు నిర్దోషియని తోచుటకు బలమైన సంభావ్యత ఉండవలెననియు అహ్మదలీవా నోదిరా (2004), శివశంకర్ కేసరీ (2007) తీర్పులు వివరించినవి. అయినను ఈ దశలో న్యాయమూర్తి సాక్ష్యమును తుదిగా తూచి నిర్దోషిత్వమును ప్రకటింపనక్కరలేదనియు శివశంకర్ కేసరీ తీర్పు పేర్కొన్నది. 35, 54 సెక్షనులు నిందితుని మనఃస్థితిని గూర్చియు, అతని స్వాధీనమును గూర్చియు ప్రతికూలమైన ఊహలను చేయుటకు న్యాయస్థానమునకు అనుమతి నిచ్చుచున్నందున, బెయిలు దశలో నిందితునిపై భారము మరింత పెరుగును.

శోధన విధుల లోపములు

బెయిలు వాదములు తరచుగా పోలీసుల చర్యలలోని క్రమభంగమును ఆశ్రయించును. 42వ సెక్షను ప్రకారము, రహస్య సమాచారమును వ్రాసియుంచి, 72 గంటలలో పై అధికారికి పంపవలెను. 50వ సెక్షను ప్రకారము, వ్యక్తి శరీరమును సోదా చేయుటకు ముందు, గెజిటెడ్ అధికారి లేక మేజిస్ట్రేటు సమక్షమున సోదాను కోరు హక్కు కలదని అతనికి తెలుపవలెను. ఈ తెలియజేయుట విధాయకమని బల్దేవ్ సింగ్ కేసునందు 1999లో రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించెను. ఆంధ్రప్రదేశమున తహసీల్దారు గెజిటెడ్ అధికారిగాను, గ్రామ రెవెన్యూ అధికారులు మధ్యవర్తులుగాను పిలువబడుట, వారి సమక్షమున మధ్యవర్తుల నివేదిక వ్రాయబడుట సామాన్యాచారము. కాని సంచులలోను, వాహనములలోను దొరకిన సరకునకు 50వ సెక్షను వర్తింపదని పవన్ కుమార్ కేసునందు 2005లో స్థిరపడినందున, మూటలకొలది గంజాయి పట్టుబడు కేసులలో ఈ వాదమునకు బలము తక్కువ.

52-ఏ సెక్షను ప్రకారము, పట్టుబడిన సరకు జాబితాను, నమూనాలను మేజిస్ట్రేటు ధ్రువపరుపవలెను. దీనిని ఉల్లంఘించినంతమాత్రమున బెయిలు రాదని, 37వ సెక్షనుయొక్క తృప్తి అవసరమేనని, కాషిఫ్ కేసునందు 2024 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము పేర్కొనెను. మరియొకవైపు, 67వ సెక్షను క్రింద దర్యాప్తు అధికారుల ఎదుట నిందితుడిచ్చిన వాఙ్మూలము నేరాంగీకారముగా చెల్లదని తోఫాన్ సింగ్ కేసునందు 2020లో అధిక సంఖ్యాక న్యాయమూర్తులు తీర్పునిచ్చిరి. తత్ఫలితముగా, సహనిందితుని మాట తప్ప వేరు ఆధారము లేని నిందితులకు బెయిలు మార్గము కొంత సుగమమైనది.

దీర్ఘ నిర్బంధము, సత్వర విచారణ హక్కు

బెయిలు తత్త్వమునకు తెలుగుదేశపు కేసొకటి పునాదిగా నిలచినది. ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానపు పబ్లిక్ ప్రాసిక్యూటరు ప్రతివాదిగానున్న గుడికంటి నరసింహులు కేసునందు 1977లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, బెయిలు నిరాకరణ 21వ అధికరణపు వ్యక్తిస్వేచ్ఛకు సంబంధించిన గంభీర విషయమనియు, శిక్షగా నిర్బంధమును వాడరాదనియు వివరించెను. అది మాదకద్రవ్యముల కేసు కాకున్నను, అందలి సూత్రములు ఎన్.డి.పి.ఎస్. తీర్పులలోను ప్రతిధ్వనించుచున్నవి.

37వ సెక్షను కాఠిన్యము విచారణ సత్వరముగా ముగియునను ఊహపై ఆధారపడియున్నది. ఆ ఊహ ఫలింపనిచో ఏమి చేయవలెనను ప్రశ్నను సర్వోన్నత న్యాయస్థానము 1994లో న్యాయసహాయ సంఘము వేసిన కేసునందు పరిశీలించి, పది సంవత్సరముల కనిష్ఠ శిక్షగల నేరములలో ఐదు సంవత్సరములు జైలునందు గడపిన విచారణ ఖైదీలను షరతులపై విడుదల చేయుమని, ఆనాడు పెండింగులోనున్న కేసులకు వర్తించునట్లు ఆదేశించెను. 2013లో థానా సింగ్ కేసునందు వాయిదాలను అరికట్టుటకును, ప్రత్యేక న్యాయస్థానములను, ప్రయోగశాలలను పెంచుటకును ఉత్తరువులు వెలువడెను. 2023లో మొహమ్మద్ ముస్లిం కేసునందు, గంజాయి కేసులో ఏడేండ్లకు పైగా జైలునందున్న నిందితునికి బెయిలునిచ్చుచు, 37వ సెక్షనును అక్షరార్థముగా మాత్రమే అన్వయించినచో బెయిలే అసాధ్యమగుననియు, అనుచిత విలంబము స్వయముగా బెయిలునకు కారణము కాగలదనియు న్యాయస్థానము తెలిపెను. అదే సంవత్సరమున ఒడిశాకు చెందిన రబి ప్రకాష్ కేసునందు, మూడేండ్లకు పైబడిన నిర్బంధము 21వ అధికరణమును తాకునప్పుడు చట్టపు నిషేధమునకంటె రాజ్యాంగ హక్కు బలవత్తరమని పేర్కొనెను.

నాగరిక సురక్షా సంహితయొక్క 479వ సెక్షను, గరిష్ఠ శిక్షలో సగకాలము గడపిన విచారణ ఖైదీని, మునుపు ఏ నేరమునకును దోషిగా నిర్ణయింపబడనివాడైనచో మూడవ వంతు గడపినవానిని విడుదల చేయవలెనని చెప్పుచున్నది. అయితే ఒకటికంటె ఎక్కువ కేసులున్నవారికి ఈ వెసులుబాటును ఆ సెక్షను నిరాకరించుచున్నది.

షరతులు, జామీనుదారులు

బెయిలు మంజూరైన నిందితునికి సాధారణముగా విధింపబడు షరతులు ఇవి: నిర్ణీత మొత్తమునకు ముచ్చలిక, ఇరువురు జామీనుదారులు, పాస్‌పోర్టు అప్పగించుట, వారమునకొకసారి పోలీసు స్టేషనులో సంతకము పెట్టుట, జిల్లా దాటకుండుట. నిందితుని కదలికలను ఫోనులోని పటము ద్వారా దర్యాప్తు అధికారి నిరంతరము చూచునట్లు విధించిన షరతు ఏకాంత హక్కునకు విరుద్ధమని ఫ్రాంక్ వైటస్ కేసునందు 2024లో సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసెను.

గంజాయి రవాణాలో పట్టుబడువారిలో తమిళనాడు, కర్ణాటక, ఒడిశా మున్నగు రాష్ట్రములవారు గణనీయముగా ఉందురు. స్థానిక జామీనుదారులను తెచ్చుట వీరికి దుర్ఘటము. పరాయి జిల్లావాడను కారణమున జామీనుదారుని నిరాకరింపరాదని 1978లోనే మోతీరామ్ కేసునందు చెప్పబడినను, పన్ను రసీదులు, ఆస్తి ధ్రువపత్రములు సరిచూచు ప్రక్రియ కాలహరణమగుచుండును. బెయిలు వచ్చియు ఏడు దినములలో విడుదల కానివారి సమాచారమును జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలుపవలెననియు, నెలలోపున పూచీ ఇయ్యలేనిచో షరతులను సడలించు విషయమును న్యాయస్థానము తానే పరిశీలింపవచ్చుననియు 2023 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించెను. పేద ఖైదీల పూచీకి 40,000 రూపాయల వరకు సాయమందించు కేంద్ర పథకము 2023లో ఏర్పడినను, ఎన్.డి.పి.ఎస్. నిందితులు దాని పరిధినుండి మినహాయింపబడిరి. అందుచే ఉచిత న్యాయసహాయమే వీరికి ముఖ్యాధారము. 15100 అను సంఖ్యకు ఫోను చేసి దీనిని కోరవచ్చును.

ఆంధ్రప్రదేశ్, కోనసీమ

రాష్ట్రమున ఈ కేసులలో అధిక భాగము గంజాయికి చెందినవి. పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి, పెదబయలు, ముంచింగిపుట్టు మున్నగు మన్యపు మండలములును, సరిహద్దునకు ఆవలనున్న ఒడిశాయొక్క మల్కనగిరి, కొరాపుట్ జిల్లాలును సాగునకు ప్రసిద్ధములు. 2021లో ఆరంభమైన ‘పరివర్తన’ కార్యక్రమమున వేలకొలది ఎకరముల గంజాయి తోటలు నరికివేయబడెను. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపమున సుమారు రెండు లక్షల కిలోల గంజాయి ఒకేసారి దహనము చేయబడెను. 2024 నవంబరులో మాదకద్రవ్యముల నిరోధమునకై ‘ఈగల్’ అను ప్రత్యేక విభాగము ఏర్పడి, 1972 అను సంఖ్యపై సమాచారమును స్వీకరించుచున్నది.

2022 ఏప్రిల్ 4న అమలాపురము కేంద్రముగా ఏర్పడిన కోనసీమ జిల్లా గంజాయి పండు ప్రదేశము కాదు. అది మార్గమధ్యమున నున్నది. మన్యమునుండి నర్సీపట్నము, తుని మీదుగా దిగు సరకు దక్షిణమునకు సాగు 16వ జాతీయ రహదారి రావులపాలెమువద్ద కోనసీమ అంచును దాటుచున్నది. కత్తిపూడినుండి బయలుదేరిన 216వ జాతీయ రహదారి అమలాపురము, రాజోలు ప్రాంతముల మీదుగా తీరము వెంబడి పోవుచున్నది. కావున ఇచ్చటి నిందితులు సామాన్యముగా మూడు తెగలవారు: వాహనచోదకులు, సరకుతో ప్రయాణించువారు మొదలైన రవాణాదారులు, ముందు వాహనమున పోవుచు పోలీసుల జాడ తెలుపుటకు ‘పైలెటింగ్’ చేయువారు, చిన్న పొట్లములు విక్రయించువారు లేక సేవించువారు. మొదటి రెండు తెగలు తరచుగా వాణిజ్య పరిమాణపు కేసులలోను, మూడవది స్వల్ప పరిమాణపు కేసులలోను ఉండుటచే, ఒకే స్టేషనులో నమోదైన కేసులలో బెయిలు ఫలితములు పరస్పరము విభిన్నములుగా నుండును.

స్థానిక మేజిస్ట్రేటు రిమాండు విధించిన నిందితులు సబ్‌జైలునకో, రాజమహేంద్రవరము కేంద్ర కారాగారమునకో పంపబడుదురు. పూర్వపు తూర్పు గోదావరి జిల్లాయొక్క సెషన్స్ న్యాయస్థానము రాజమహేంద్రవరముననే ఉన్నందున, విచారణకును, ములాఖతుకును అమలాపురమునుండి పోవు కుటుంబములు సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణింపవలసియుండును. అచ్చట బెయిలు నిరాకృతమైనచో అమరావతి ప్రాంతమున నేలపాడువద్దనున్న ఉన్నత న్యాయస్థానమును ఆశ్రయింతురు. విశాఖపట్నము కేంద్ర కారాగారమున గంజాయి కేసుల ఖైదీలు అధిక సంఖ్యలో నుండి, వసతికి మించిన రద్దీకి కారణమగుట రాష్ట్రమున పలుమార్లు చర్చకు వచ్చినది. దేశమంతటను 2022 చివర కారాగారములందున్న 5,73,220 మందిలో 4,34,302 మంది, అనగా నూటికి 75 మందికి పైగా, విచారణ ఖైదీలే అని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కించినది.

ముందుజాగ్రత్త నిర్బంధము

ఇది విచారణపూర్వ నిర్బంధమునకు భిన్నము. ఒక నేరమునకు విచారించుటకు గాక, మున్ముందు నేరము చేయకుండ నిలుపుటకై ప్రభుత్వము తన ఉత్తరువుచే నిర్బంధించుటను ఈ పేర పిలుతురు. కేంద్ర స్థాయిలో 1988 నాటి మాదకద్రవ్యముల అక్రమ రవాణా నివారణ చట్టము, రాష్ట్ర స్థాయిలో ‘పీడీ యాక్టు’గా వ్యవహరింపబడు 1986 నాటి చట్టము ఇందుకు అవకాశమిచ్చుచున్నవి, రాష్ట్ర చట్టము మాదకద్రవ్య నేరస్థులను స్పష్టముగా పేర్కొని, పండ్రెండు నెలలవరకు నిర్బంధమును అనుమతించుచున్నది. సలహా మండలి పరిశీలన దీనికి రక్షణము. సాధారణ చట్టము చాలినచోట, లేక బెయిలు రద్దు కోరదగినచోట, ఈ నిర్బంధమును వాడుట తగదని తెలంగాణకు చెందిన మల్లాడ శ్రీరామ్ (2022), అమీనా బేగం (2023) కేసులలో సర్వోన్నత న్యాయస్థానము హెచ్చరించెను.

ఇతర దేశములు

నిందితునిపైననే భారము మోపు పద్ధతి భారతదేశమునకే ప్రత్యేకము కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1984 నాటి బెయిలు సంస్కరణ చట్టము, పది సంవత్సరములు లేక అంతకు మించిన గరిష్ఠ శిక్షగల మాదకద్రవ్య నేరములలో నిర్బంధమే తగునను ఊహను కల్పించినది. కాని నిందితుడు ఆ ఊహను ఖండింపవచ్చును. కెనడాలో ఇట్టి విధిని అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము 1992లో పియర్సన్ కేసునందు సమర్థించెను. ఇంగ్లండులో 1976 నాటి బెయిలు చట్టము స్వేచ్ఛకే అనుకూలముగా ఊహించును. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక, విచారణకు ఎదురుచూచువారిని నిర్బంధించుట సాధారణ నియమము కారాదని 9వ అధికరణమున నిర్దేశించినది. భారతదేశము 1979లో దీనిలో చేరెను.

కోనసీమనుండి గల్ఫు దేశములకు వలసపోవువారు అధికము గనుక, అచ్చటి విధులును ఈ ప్రాంతమునకు ప్రాసంగికములు. మన వంటయింట వాడు గసగసాలు సంయుక్త అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియాలలో నిషిద్ధములు. ట్రామడాల్ వంటి నొప్పిమాత్రలు కఠిన నియంత్రణకు లోబడినవి. విదేశమున అరెస్టు కాబడినవారు తమ రాయబార కార్యాలయమునకు వార్త పంపించుకొను హక్కును 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒడంబడికయొక్క 36వ అధికరణము కల్పించుచున్నది.

వాదోపవాదములు, ప్రాముఖ్యము

కఠిన నిబంధనను సమర్థించువారు, మాదకద్రవ్యముల వ్యాపారము వ్యవస్థీకృతమైనదనియు, విడుదలైన రవాణాదారులు పరారగుట, తిరిగి అదే వృత్తికి దిగుట సులభమనియు, బయటి రాష్ట్రములవారిని విచారణకు రప్పించుట దుస్సాధ్యమనియు, వ్యసనపాలగు యువకుల రక్షణము సమాజమునకు ముఖ్యమనియు వాదింతురు. విమర్శించువారు, పట్టుబడువారు తరచుగా కూలికి మూటలు మోయు గిరిజనులు, చోదకులే కాని పెట్టుబడిదారులు కారనియు, నిర్దోషిత్వమును బెయిలు దశలోనే చూపుమనుట నిరపరాధ భావనకు విరుద్ధమనియు, ప్రయోగశాలల నివేదికలు, సాక్షుల రాకలు ఆలస్యమగుటచే విచారణయే శిక్షగా మారుచున్నదనియు చెప్పుదురు. వ్యసనమును రోగముగా చూచు దృష్టికి చట్టమునందే ఆధారము కలదు: చికిత్సకు స్వచ్ఛందముగా ముందుకువచ్చిన వ్యసనపరునికి 64-ఏ సెక్షను ప్రాసిక్యూషనునుండి రక్షణమిచ్చుచున్నది, వ్యసన విముక్తికై 14446 అను జాతీయ సంఖ్యయు కలదు.

ఈ రెండు పక్షములును కలియు చోటు విచారణ వేగము. తూకము నిక్కముగా జరిగి, నమూనాలు వెంటనే మేజిస్ట్రేటు ఎదుట ధ్రువపడి, ప్రయోగశాల నివేదిక సకాలమున చేరి, మధ్యవర్తులు, అధికారులు పిలిచిన దినముననే సాక్ష్యమిచ్చినచో, దోషికి శిక్షయు నిర్దోషికి విడుదలయు ఆలస్యము లేక లభించును. బెయిలు నిరాకరణము కొలది మాసముల కష్టముగానే మిగులును. ఇవి లోపించినచో, 37వ సెక్షను క్రింద జైలునందున్న వ్యక్తి తీర్పు రాకమునుపే శిక్షలో పెద్ద భాగమును అనుభవించును. తుదకు నిర్దోషిగా విడుదలైనను, గడచిన సంవత్సరములను ఏ న్యాయస్థానమును అతనికి మరల ఇయ్యజాలదు.